పిల్లలతో ఫిష్ ట్యాంక్: ముందు నీళ్లు, తరవాతే చేపలు

పిల్లలు ఫిష్ ట్యాంక్ కావాలని పట్టుబడితే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ఆదివారం సాయంత్రం బండి మీద షాపుకెళ్లడం, గుండ్రటి గాజు బౌల్, రెండు గోల్డ్‌ఫిష్, ఒక ప్లాస్టిక్ చెట్టు, కాసిని రంగు రాళ్లు, ఒక మేత డబ్బా కొనుక్కుని రావడం, గురువారానికల్లా ఒక చేప తేలడం, శనివారానికి రెండోది కూడా. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు "మన చెయ్యి మంచిది కాదులే" అనుకుని బౌల్‌ని అటకెక్కిస్తారు. చేతిలో ఏ దోషమూ లేదండీ. ట్యాంకూ చేపలూ ఒకే రోజు ఇంటికి రావడంలోనే ఉంది గొడవంతా.

కాబట్టి షాపుకి రెండుసార్లు వెళ్లాలి. మొదటిసారి చేపలు కొనకూడదు, పిల్లలు ఎంత బతిమాలినా సరే. రెండోసారి కనీసం మూడు నాలుగు వారాల తరవాత. ఈ మధ్య రోజుల్లో పిల్లల్ని ఎలా ఆపాలన్నదే ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన భాగం, మిగతాదంతా ప్లంబింగే.

ఎక్కడ కొనాలంటే, చెన్నైలో ఉన్నవాళ్లకి కొళత్తూరు ఉండగా ఇంకో ఆలోచన అక్కర్లేదు. రంగు చేపల పెంపకానికీ హోల్‌సేల్‌కీ పేరున్న చోటు. వరసగా షాపులే, ఆదివారమైతే కిటకిట. మాల్‌లో ఉండే పెట్ షాప్ ధరలకీ ఇక్కడి ధరలకీ పొంతనే ఉండదు. పిల్లలతో వెళ్తే ఆదివారం కాకుండా మామూలు రోజు సాయంత్రం వెళ్లండి, షాపువాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది.

సైజు విషయంలో చిన్నది తీసుకుంటే చవక అని అందరూ అనుకుంటారు, కానీ తొట్టి ఎంత చిన్నదైతే నీళ్లు అంత తొందరగా పాడవుతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మామూలు గాజు ట్యాంక్ అడగండి. నిండా పోస్తే 56 లీటర్లు, పైన కాస్త వదిలి, అడుగున రాళ్లు పోశాక నీళ్లు 45 లీటర్ల దాకా ఉంటాయి. గాజు 5 మిల్లీమీటర్లు ఉండాలి. బౌల్ వద్దే వద్దు, గోల్డ్‌ఫిష్ కూడా వద్దు, అది బాగా పెరిగే చేప, అది చేసే మురికి ఈ సైజు ట్యాంక్ తట్టుకోలేదు. తెలిసినవాళ్లు ఇల్లు మారుతూ పాత ట్యాంక్ ఇస్తానంటే మొహమాటపడకుండా తీసుకోండి, అయితే బాల్కనీలో ఒక రోజంతా నీళ్లు నింపి కింద పాత న్యూస్‌పేపర్ పరిచి చూడండి, ఎక్కడన్నా కారితే కాగితమే చెబుతుంది.

ఖర్చు షాపుని బట్టి, మీ బేరాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది గానీ, ట్యాంక్, ఎయిర్ పంప్, దాని గాలితోనే నడిచి నీళ్లు వడగట్టే స్పాంజ్ ఫిల్టర్, ఏడెనిమిది కిలోల రాళ్లు, థర్మామీటర్, వల, మేత, రెండు రకాల మొక్కలు, యాంటీ క్లోరిన్ సీసా, అన్నీ కలిపి రెండు రెండున్నర వేలల్లో తేల్చుకోవచ్చు. లైటు కోసం అక్వేరియం షాపులో డబ్బులు తగలెయ్యొద్దు, ఎలక్ట్రికల్ షాపులో దొరికే చిన్న ఎల్‌ఈడీ ట్యూబ్ చాలు. హీటరు చెన్నైకి అనవసరం, ఎవరన్నా అంటగట్టబోతే నవ్వి ఊరుకోండి. లోపల నీళ్లలో మునిగి ఉండే పవర్ ఫిల్టర్ కన్నా స్పాంజ్ ఫిల్టర్ చవక, చిన్న పిల్ల చేపల్ని లోపలికి లాగదు, పాడయ్యేందుకు అందులో మోటారే లేదు. ఒక్క చిన్న వస్తువు మాత్రం మర్చిపోకుండా అడిగి తీసుకోండి, పంప్ ట్యూబ్ మధ్యలో బిగించే చెక్ వాల్వ్. కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబ్‌లోంచి వెనక్కి పాకి పంప్‌లోకి, అక్కణ్ణుంచి ప్లగ్ దాకా రాకుండా ఆపేది అదే. పది ఇరవై రూపాయల ముక్క.

ట్యాంక్ పెట్టే చోటు గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది, ఈశాన్యం అని అత్తయ్య, టీవీ పక్కన అని పిల్లలు. ఏ మూలైనా ఫర్వాలేదు గానీ నేరుగా ఎండ పడకూడదు, పడితే వారంలో గాజంతా పచ్చటి పాకుడు. నీళ్లతో రాళ్లతో కలిపి బరువు 60 కిలోలు దాటుతుంది, కాబట్టి పుస్తకాల ర్యాక్ మీదా ప్లాస్టిక్ స్టూలు మీదా కాదు. ట్యాంక్ కింద థర్మోకోల్ షీట్ వేయాలి, ఉపరితలం కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా గాజు మీద ఒత్తిడి పడదు. స్విచ్ బోర్డు ట్యాంక్ వెనకే ఉంటే వైరు నేరుగా ప్లగ్‌లోకి పోనివ్వకుండా కిందకి ఒక వంపు వేలాడదీసి పైకి తీసుకెళ్లండి, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. పిల్లలు ట్యాంక్‌లో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తియ్యడం ఇంట్లో చట్టం.

రాళ్లు కడగడం పూర్తిగా పిల్లల పని. బాత్రూంలో బకెట్, రాళ్లు, మగ్గు ఇచ్చి వదిలేయండి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగమనండి, గంటసేపు మీకు ప్రశాంతత. సబ్బు మాత్రం తగలకూడదు. ఎలియట్స్ బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు, శంఖాలు వెయ్యాలని గొడవ చేస్తారు, వద్దనండి, అవి నీళ్లలో సున్నం కలుపుతాయి, చెన్నై బోరు నీళ్లకి ఆ లోటేం లేదు. రాళ్లు అంగుళం మందాన పరిచి, పైన ఒక ప్లేటు పెట్టి, ఆ ప్లేటు మీద నీళ్లు పోస్తే అడుగు చెదరదు.

ఇక నీళ్లు. ఈ ఊళ్లో ఒకే కుళాయిలోంచి ఒకరోజు మెట్రో వాటర్ (నీటి బోర్డు సరఫరా), ఇంకోరోజు బోరు, ఇంకోరోజు లారీ నీళ్లు వస్తాయి, అపార్ట్‌మెంట్ సంపులో అన్నీ కలిసిపోయి ఉంటాయి. మెట్రో వాటర్లో క్లోరిన్ ఉంటుంది, లారీ నీళ్లలోనూ ఉండొచ్చు, అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. బకెట్లలో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది, అంత ఓపిక లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంత వెయ్యండి. ఆ సీసాలో ఉండేది చాలావరకు సోడియం థయోసల్ఫేటే, అదే పలుకుల రూపంలో ఇంకా చవగ్గా దొరుకుతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, కానీ నేల లోపల్నుంచి వచ్చిన ఆ నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి దాన్ని కూడా రాత్రంతా పంప్ పెట్టి గాలి ఆడనివ్వాలి. నోట్లో పోసుకుంటే ఉప్పగా తగిలే బోరైతే మాత్రం మెట్రో నీళ్లు కలుపుకోండి. "మంచినీళ్లు కదా" అని ఆర్‌ఓ నీళ్లతోనో క్యాన్ నీళ్లతోనో ట్యాంక్ నింపేవాళ్లని చూశాను, డబ్బు దండగ, పైగా ఆర్‌ఓ తీసేసిన ఖనిజాలు చేపలకి కావాలి. గప్పీలు, మోలీలు, ప్లాటీలు లాంటి చిన్న రంగు చేపలు కాస్త కఠినమైన (సున్నం ఉన్న) నీళ్లనే ఇష్టపడతాయి, ఆ లెక్కన అవి చెన్నై కోసం పుట్టినట్టే.

నీళ్లు పోశాం, పంప్ బుడగలు వస్తున్నాయి, లైటు వెలుగుతోంది. పిల్లల అరుపులు మొదలవుతాయి, "చేపలేవీ?" ఇప్పుడే గట్టిగా నిలబడాలి.

కారణం పిల్లలకి అర్థమయ్యేలా చెప్పొచ్చు. చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతాయి, అది వాటికే విషం. కొత్త ట్యాంక్‌లో దాన్ని తినే బాక్టీరియా ఉండదు. ఫిల్టర్ స్పాంజ్ మీద, రాళ్ల మీద మెల్లగా అది పెరగాలి. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే, రెండో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది, దాన్ని చేపలు చాలావరకు తట్టుకుంటాయి, మొక్కలు తింటాయి, మిగిలింది మనం నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ రెండు రకాలూ నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మన వేడికి కాస్త తొందరగానే అవుతుంది. ఆదివారం తెచ్చిన చేప గురువారం చచ్చిపోవడం వెనక కథ ఇదే, దిష్టి తగిలి కాదు.

ఆ బాక్టీరియాకి తిండి కావాలి కదా, అందుకని చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత నీళ్లలో వెయ్యాలి, అది కుళ్లి అమ్మోనియా అవుతుంది. మా పెద్దాడు దీన్ని "కనపడని చేపలకి అన్నం పెట్టడం" అన్నాడు. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనండి, నైట్రైట్‌ది కూడా కొనగలిగితే ఇంకా మంచిది, ఈ మొత్తం ఖర్చులో నేను బేరమాడని వస్తువు ఇదే. రెండు మూడు రోజులకోసారి పిల్లలే గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు లెక్కపెట్టి వేసి, వచ్చిన రంగుని నోటుబుక్కులో క్రేయాన్‌తో దిద్దాలి. మొదట లేత పసుపు, తరవాత ఆకుపచ్చ ముదురుతూ పోతుంది, ఆ తరవాత ఒకరోజు మళ్లీ పసుపుకి తిరుగుతుంది. ఆ పేజీలు తిరగేస్తూ ఉంటే పిల్లలకి ఎదురుచూపు బరువనిపించదు, రంగు ఎప్పుడు మారుతుందా అని వాళ్లే పొద్దున్నే లేచి వస్తారు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగి, మేత వేసినా మళ్లీ పెరగకుండా ఉంటే ట్యాంక్ తయారైనట్టు.

దీనికి అడ్డదారి ఒకటుంది, మోసమేం కాదు. ఎవరింట్లోనైనా నెలల తరబడి బాగా నడుస్తున్న ట్యాంక్ ఉంటే వాళ్ల పాత స్పాంజ్ ముక్క అడిగి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెట్టండి, పెరుగుకి తోడు వేసినట్టే. వారం పది రోజుల్లోనే తయారవ్వచ్చు, అయినా కిట్‌తో చూసుకున్నాకే చేపలు.

మొక్కలు ఈ మధ్యలోనే వేసేయాలి. హార్న్‌వర్ట్ అని దూదిలా విచ్చుకుని ఉండే మొక్క, దాన్ని పాతే పనే లేదు, తేలనిస్తే చాలు, కత్తిరించిన ముక్కల్లా మళ్లీ మొక్కవుతుంది. వాలిస్నేరియా రిబ్బన్లలా పెరుగుతుంది. ఇవి కాక, బాల్కనీలో ఉన్న మనీ ప్లాంట్ తీగ ఒకటి తుంచి ఆకులు బయట, వేళ్లు నీళ్లలో ఉండేలా ట్యాంక్ అంచున తగిలించండి, నైట్రేట్‌ని అది తాగినట్టు ఇంకేదీ తాగదు, ఖర్చు సున్నా. మొక్కలతోపాటు చిన్న నత్తలు వస్తాయి. రానివ్వండి, పాకుడు తింటాయి, చేపలు వచ్చేదాకా పిల్లలకి చూసుకోవడానికి అవే దిక్కు.

రెండోసారి కొళత్తూరు. ఇప్పుడు ఏ చేపలు? నా ఓటు మగ గప్పీలకి. తోకలు రంగురంగులుగా ఉండేవి మగవే, ఆడవి కాస్త పెద్దవి, వెలిసినట్టుంటాయి. షాపులో "ఆణ్ మట్టుం కుడుంగ అణ్ణా" అని మగవే అడిగి తీసుకోండి. ఎందుకంటే ఆడ గప్పీ గుడ్లు పెట్టదు, నెలకోసారి పిల్లల్నే పెడుతుంది, ఒక్కసారి మగదానితో కలిసిందంటే ఆ తరవాత మగది పక్కన లేకపోయినా నెలల పాటు కంటూనే ఉంటుంది. షాపు నుంచి వచ్చే ఆడ గప్పీ దాదాపు ఎప్పుడూ చూలుతోనే వస్తుంది. ట్యాంక్‌లో పిల్లలు పుట్టడం చూడాలనుందా, అయితే ఒకటి రెండు ఆడవి తీసుకోండి, పొట్ట కింద వెనక వైపు నల్ల మచ్చ ముదురుతుంటే రోజులు దగ్గర పడ్డట్టు. పుట్టిన పిల్లల్ని అమ్మానాన్నలే మింగేస్తారన్న సంగతి మాత్రం ముందే చెప్పి ఉంచండి, మా చిన్నది రెండు రోజులు వాటితో మాట్లాడలేదు. హార్న్‌వర్ట్ దట్టంగా ఉంటే కొన్ని దాక్కుని బతుకుతాయి.

గప్పీలు కాకపోతే జీబ్రా డానియోలు, మన దేశపు చేపే, గట్టిపిండం, కానీ ఆరింటికి తగ్గకుండా కొనాలి, గుంపుగా తిరిగే జాతి. నియాన్ టెట్రా చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా చెన్నై మే నెలలో ఏసీ లేని హాల్లో బతకడం కష్టం. అద్దం నాకుతుంది, శుభ్రం చేస్తుంది అని సక్కర్ ఫిష్ ఒకటి అంటగడతారు, అస్సలు తేవద్దు. వేలంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు జనం దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు, ఆంధ్రాలోనూ తమిళనాడులోనూ చెరువుల్లో వలలు చింపేస్తూ జాలర్లు దెయ్యం చేప అని తిట్టేది దీన్నే. ఏ చేపనైనా ఎక్కువైందని చెరువులో, అడయారులో వదలకూడదు. పిల్లలు పుట్టి ఎక్కువైతే కొన్న షాపుకే తిరిగిచ్చేయండి, చాలామంది తీసుకుంటారు.

కొనేటప్పుడు ఆ తొట్టినంతా చూడండి. రెక్కలు ముడుచుకుని ఓ మూల నిలబడ్డవి, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నవి, పైకొచ్చి గాలి మింగుతున్నవి ఒక్కటి కనిపించినా ఆ తొట్టిలో ఏదీ కొనొద్దు. మొదటి విడత ఐదారు చాలు, రెండు వారాల తరవాత ఇంకో ఐదు. ఒకేసారి పది తెస్తే బాక్టీరియాకి పని మీద పడుతుంది. ఇంటికొచ్చాక సంచీని అలాగే ట్యాంక్‌లో ఓ ఇరవై నిమిషాలు తేలనిచ్చి, తరవాత మూతి విప్పి గ్లాసుతో కొంచెం కొంచెం ట్యాంక్ నీళ్లు కలిపి, చివరికి చేపల్ని వలతో ట్యాంక్‌లోకి దించండి. సంచీలో నీళ్లు సింకులో పొయ్యాలి. ఆ రాత్రికి లైటు వద్దు, మేత వద్దు.

మేత దగ్గరే ఎక్కువ ట్యాంకులు మునుగుతాయి. పిల్లాడు పొద్దున వేస్తాడు, పాప సాయంత్రం వేస్తుంది, మధ్యలో "పాపం, పైకొచ్చి నోరు తెరుస్తున్నాయిరా" అంటూ అత్తయ్య ఇంత వేస్తారు. గప్పీలు కడుపు నిండినా నోరు తెరుస్తూనే ఉంటాయి, మనిషి కనపడితే చాలు. మేము చేసింది, వారం రోజుల మాత్రలు పెట్టుకునే ఏడు గళ్ల డబ్బా ఒకటి తీసుకుని, రోజుకో గడిలో రెండు నిమిషాల్లో చేపలు ఖాళీ చేసేంత మేత మాత్రమే పోసి పెట్టడం. గడి ఖాళీ అయ్యిందంటే ఆ రోజుకి అయిపోయినట్టే, ఇంక ఎవరూ వెయ్యకూడదు. శనివారం గడి ఖాళీగా ఉంచుతాం, వారానికో రోజు పస్తు చేపలకి మంచిదే. అత్తయ్యకి కూడా శనివారాలు ఒంటిపూటే కాబట్టి ఆవిడ అభ్యంతరం చెప్పలేదు.

వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. ఒక ట్యూబు నిండా నీళ్లు నింపి, ఒక కొస ట్యాంక్‌లో ముంచి, రెండోది వేలితో మూసి, కింద పెట్టిన బకెట్లోకి వదిలితే అదే లాగుతుంది, నోటితో పీల్చొద్దు. ట్యూబుని రాళ్ల మీద ఆడిస్తే అడుగున చేరిన మురికి కూడా వచ్చేస్తుంది. కొత్త నీళ్లు క్లోరిన్ పోయినవే పొయ్యాలి. స్పాంజ్ మురికి పడితే కుళాయి కింద కడగొద్దు, ఇన్నాళ్లు పెంచిన బాక్టీరియా చాలావరకు క్లోరిన్‌కి పోతుంది, తీసేసిన ట్యాంక్ నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. ఆ బకెట్ నీళ్లు కరివేపాకు కుండీకి పోస్తే మొక్క ఏపుగా వస్తుంది (తులసికి మాత్రం మా ఇంట్లో అనుమతి లేదు). చేతులు, ట్యాంక్‌లో పెట్టే ముందు ఉత్త నీళ్లతో, తీశాక సబ్బుతో.

ఇంకొకటి, చెన్నై ఇళ్లలో ఎవరూ ఊహించనిది. దోమల స్ప్రే. ఆ మందులు చేపలకి మహా విషం, పైగా ఎయిర్ పంప్ గదిలో గాలినే పీల్చి తిన్నగా నీళ్లలోకి కొడుతుంది. ట్యాంక్ ఉన్న గదిలో స్ప్రే కొట్టకండి, వీధిలో కార్పొరేషన్ పొగ బండి చప్పుడు వినపడగానే కిటికీలు మూసి, పంప్ ఆపి, ట్యాంక్ మీద తడి తువ్వాలు కప్పండి, పొగ తగ్గాక మళ్లీ వెయ్యండి.

ఎండాకాలం నీళ్లు 32 డిగ్రీలు దాటితే మూత తీసి, నీళ్ల మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పండి, ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో పంప్ ఆగకూడదు. కరెంటు పోతే పవర్ బ్యాంక్‌తో నడిచే యూఎస్‌బీ ఎయిర్ పంప్ ఒకటి చవగ్గా దొరుకుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చాలా ఏరియాల్లో రోజుల తరబడి కరెంటు లేని సంగతి గుర్తుండే ఉంటుంది, అలాంటప్పుడు ఏదీ లేకపోతే గంటకోసారి చెంబుతో ట్యాంక్ నీళ్లే ముంచి ఎత్తు నుంచి పొయ్యండి, కరెంటు వచ్చేదాకా మేత పూర్తిగా ఆపేయండి.

సంక్రాంతికి ఊరెళ్తే నాలుగైదు రోజులకి ఏ ఏర్పాటూ అక్కర్లేదు, పెద్ద గప్పీలు వారం దాకా తిండి లేకుండా ఉండగలవు. వేసవి సెలవులకి ఎక్కువ రోజులు వెళ్తున్నారంటే బయల్దేరే ముందు నీళ్లు మార్చి, లైటు ఆపి, పక్కింటివాళ్లకి తాళం చెవీ మాత్రల డబ్బా ఇచ్చి, రెండు రోజులకో గడి అని చెప్పండి. అసలు మేత డబ్బా మాత్రం వాళ్లకి దొరక్కుండా బీరువాలో పెట్టి వెళ్లండి.